మూరెడు బొప్పాయి కాడ

నిన్న పొద్దున తమ్ముడు రఘు ఫోన్ చేశాడు. "అక్కా, సుశీలత్త పోయింది" అన్నాడు.

ఆ తర్వాత వాడేం చెప్పాడో వినపడలేదు. చెవుల్లోకి నీళ్లు పోయినట్టయింది.

ఆ నీళ్లు ఎక్కడివో నాకు తెలుసు.

వికారాబాద్‌లో మా తాత మామిడితోటలో ఒక దిగుడు బావి ఉండేది. అరవైల మొదట్లో, ప్రతి వేసవీ మా ఊరు తాండూరు ఎండకు తాళలేక ప్యాసింజర్ ఎక్కి అక్కడికి చేరేవాళ్లం. నేను మాత్రం హైదరాబాద్ కాన్వెంట్ హాస్టల్ నుంచి నేరుగా వచ్చేదాన్ని. పెట్టెలో సగం బట్టలు, సగం లైబ్రరీ పుస్తకాలు.

సుశీలత్త నాన్నకు చెల్లెలు. నాకంటే ఐదేళ్లే పెద్ద. చీర కాసె పోసి ఈ మెట్టు మీద మునిగితే అవతలి గోడ దగ్గర తేలేది.

పిల్లలకు ఆమె ఈతకన్నా ముందు నేర్పింది నీళ్లలో ఊపిరి తీసుకోవడం.

బొప్పాయి కాడతో.

కాడ లోపల బోలుగా ఉంటుంది కదా. కోసి, పాలు పోయేదాకా కడిగి, ఒక రోజు నీడలో ఆరబెట్టేది. మమ్మల్ని చెయ్యి చాపమని, మోచేయి నుంచి వేలి కొస దాకా కొలిచి, అంతవరకే ఉంచి తెంపేది.

ఎవరి మూర వాళ్లకే. ఎనిమిదేళ్ల రఘు కాడ అందరిలోకీ పొట్టిది.

"పొడుగుది ఇయ్యి అత్తా!"

"నీ చెయ్యి పెరిగినంక ఇస్త. గింతకంటె పొడుగైతె నువ్వు ఇడిసిన గాలే మళ్ల నీకొస్తదిరా."

ముందు గట్టు మీద కూర్చుని కాడతో యాభై సార్లు ఊపిరి తీసుకోవాలి. తర్వాత మొదటి మెట్టు. ఒక చేత్తో ముక్కు మూసుకుని, రెండో చేత్తో అత్త వెండి కడియం పట్టుకుని, మెల్లగా తల ముంచాలి.

"కడియం ఇడిస్తె ఆట బంద్" అనేది.

తల మునగగానే లోకం మారిపోయేది.

పచ్చటి వెలుగు. ఊగే మామిడాకుల నీడలు. నా ఊపిరే, పక్క గదిలో ఎవరో నిద్రపోతున్నట్టు వినిపించేది. రైలు కూత నీళ్లలోకి వచ్చేసరికి మెత్తబడిపోయేది.

అక్కడ ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు. నాకు అంతకన్నా ఇష్టమైన చోటు మళ్లీ దొరకలేదు.

ఇంతవరకు మా ఇంట్లో అందరికీ తెలుసు. ఇక రాసేది ఎవరికీ తెలియదు.

రఘుకు ఎనిమిదేళ్లున్న ఆ వేసవి ఒక ఇంగ్లీషు పుస్తకంలో, రెల్లు గొట్టాలతో ఊపిరి పీలుస్తూ నది అడుగున దాక్కున్న మనుషుల గురించి చదివాను. అత్త కన్నా పుస్తకానికే ఎక్కువ తెలుసనుకున్నాను.

మూడు కాడలు ఒకదాంట్లో ఒకటి దూర్చి, అతుకులకు మైనం పూశాను. అత్తకు చూపిద్దామని గట్టు మీద పెట్టాను.

అత్త తోట వైపు బట్టలు ఆరేస్తోంది. "తమ్ముణ్ణి జర చూస్తుండు బిడ్డా" అని చెప్పే వెళ్లింది.

నేను చదువుకుంటున్నాను.

రఘు ఆ కాడను చూశాడు. అత్త తన కోసమే చేసిందనుకున్నాడు. దాన్ని నోట్లో పెట్టుకుని మూడో మెట్టు దాకా దిగిపోయాడు. పట్టుకోవడానికి కడియం లేదు.

పేజీ తిప్పుతూ తలెత్తాను. నీళ్ల మీద కాడ ఒక్కటే తేలుతోంది.

అరవబోతే గొంతు రాలేదు. చేతిలో పుస్తకాన్ని నీళ్లలోకి విసిరేశాను. ఆ చప్పుడుకు అత్త పరిగెత్తుకొచ్చి దూకింది.

వాడు నీళ్లు కక్కి, దగ్గి, చివరికి ఏడ్చాడు.

నాన్న వచ్చాడు. "ఎవరు జేసిండ్రు గీ కాడ?"

అత్త నీళ్లలో తేలుతున్న పుస్తకాన్ని చూసింది. తర్వాత నన్ను.

"నేనే అన్నా. తప్పు నాదే."

ఇక బావి మెట్లు దిగొద్దని నాన్న ఆమెకు ఖరాఖండిగా చెప్పాడు.

సాయంత్రం నాకు జడ వేస్తూ అత్త మెల్లగా అంది. "నోరిప్పకు బిడ్డా. పుస్తకం జూసి చేసినవని తెలిస్తే మీ నాయిన నిన్ను మళ్ల హాస్టల్‌కు పంపడు. నాకు పోయేది గీ బావే గద."

నేను చదువుకున్నాను. జీవితమంతా పుస్తకాల మధ్యే గడిపాను.

అత్త మళ్లీ ఆ నీళ్లలోకి దిగలేదు.

పోయిన ఏడాది రఘు మనవడు అండమాన్ టూర్‌కు ముందు, నీళ్లలో ఊపిరి పీల్చే కొత్త స్నార్కెల్ గొట్టం తెచ్చి తాండూరులో అత్తకు చూపించాడు. ఆమె వాడి చెయ్యి చాపించి, వణికే వేళ్లతో గొట్టాన్ని పక్కన పెట్టి కొలిచింది.

"సరిగ్గ మూరకున్నది. ఎవరిదన్న చెయ్యి పట్టుకోనే తల ముంచు బిడ్డా."

రఘు నవ్వాడు. "నాకైతె మూడు మూరలది జేసిస్తివి గద అత్తా! సంపబోతివి!"

"నీ మొండితనానికి గదే మందురా" అని ఆమె కూడా నవ్వింది. పక్కనే ఉన్న నా వైపు తిరిగి, "ఏం బిడ్డా, మంచిగ చదువుకుంటున్నవా?" అంది. ఇంత ముసలిదాన్ని, హాస్టల్ పిల్లనడిగినట్టు.

తల ఊపాను. అప్పుడు కూడా నోరు విప్పలేదు.

రఘూ, ఆ కాడ చేసింది నేను. నిన్న ఫోన్‌లో చెప్పబోయాను, గొంతు రాలేదు. అందుకే రాస్తున్నాను.

అత్తా, నువ్వు వెళ్లిన చోట బావి ఉంటే మెల్లగా దిగు. ఆ పచ్చటి వెలుగులో నెమ్మదిగా ఉండు. అక్కడ ఎవరూ నిన్ను దిగొద్దనరు.