రాజేశం పొడుగు కారులో ముందు సీటు

మా చిన్నప్పుడు... గనుల మేనేజరు గారి నల్ల కారు బంగళా ముందు ఆగితే, నేనూ రాజేశమూ దాని తలుపు మీద మా మొహాలు చూసుకునేవాళ్లం. ముట్టుకుంటే డ్రైవరు తరిమేవాడు. తరిమినప్పుడల్లా ఒకటే ఒప్పందం... ఎవరు ముందు కారు కొన్నా రెండోవాడు ముందు సీట్లో కూర్చోవాలని.

నలభై ఏళ్ల తర్వాత, మేమిద్దరం గోదావరిఖనిలో పక్కపక్క క్వార్టర్లలో ఉండగా, రాజేశం కొన్నాడు. నేను కొనలేదు.

మొన్న ఈ గ్రూపులో ఆ కారు ఫొటో పెట్టి 'ఒక్క కంప్లైంటు లేని బండి' అని రాశాడు. ఎన్ని లైకులో... అందుకే ఇది రాస్తున్నాను.

కంప్లైంటు లేదా? ఎనిమిదేళ్లు రోజూ సాయంత్రం అరుగు మీద కూర్చుని విన్నవాణ్ని నేను.

అది మామూలు కారు కాదు. కప్పు వెనకదాకా సాగి, డిక్కీ ఉండాల్సిన చోట పైకి లేచే తలుపు ఉండేది. ఎస్టేటు కారని రాజేశం అన్నాడు, పొడుగు కారని మా వాడంతా అంది. సెకండ్ హ్యాండే అయినా తెల్లగా, శుభ్రంగా ఉండేది. సీట్లు మడిస్తే నాలుగు బియ్యం బస్తాలు పట్టేవి. తక్కువ డీజిలుకే కరీంనగర్ పోయి వచ్చేది. అంతవరకు నిజమే, ఒప్పుకుంటాను.

కానీ ఏసీ వేస్తే ఫ్లైఓవరు ఎక్కడానికి మొరాయించేది. వెనక తలుపు గడగడలాడేది. వెనక అద్దం మీద బొగ్గు దుమ్ము పేరుకుంటే తుడవడానికి వైపరు లేదు, ఆ మోడలుకి రాదట. ఆ పొడుగు తోకతో మా సందులో రివర్సు తీయబోయి నా గోంగూర మడి రెండుసార్లు తొక్కించాడు.

ఇవన్నీ వాడు నిట్టూరుస్తూ చెప్పేవాడు. నేను పంపు ఆపరేటరుని. భూమి కింద పంపు తిరుగుతుంటే టోపీ దీపం వెలుగులో లైబ్రరీ పుస్తకాలు చదివి సగం ఉద్యోగం గడిపాను. మనుషుల గొప్పల గురించి చాలా చదివాను గానీ, ఇంత తెలివైన గొప్ప ఎక్కడా తగల్లేదు. కారు ఉన్నవాడే కదా కారు మీద ఫిర్యాదు చేయగలిగేది... నేను తలుపు గడగడలాడుతుందని ఎవరితో చెప్పుకోను?

అసలు సంగతి మొదటి రోజే జరిగింది.

కారు కొబ్బరికాయ కొట్టించుకుని సందు మొదట్లో నిలబడింది. ఇస్త్రీ చొక్కా వేసుకుని నేనూ వెళ్లాను. ముందు సీట్లో వాడి బామ్మర్ది కూర్చుని ఉన్నాడు.

"నువ్వు ఎనుకకు పో బావ. జాగ మస్తుంది, కాళ్లు సాపుకోని పండొచ్చు," అన్నాడు రాజేశం.

చుట్టూ వాడంతా ఉంది.

"కాళ్లు సాపుకోని పోయేది దవాఖాన బండిల బిడ్డా," అన్నాను. అందరూ నవ్వారు. వాడూ నవ్వాడు.

ఆ పేరు నేనే నిలబెట్టాను. తెల్లగా, పొడుగ్గా, వెనక తలుపుతో... మేం దవాఖాన బండి అనే మా గని అంబులెన్సు కూడా అట్లాగే ఉండేది. 'దవాఖాన బండి వచ్చిందా, దవాఖాన బండి కడిగిండా' అని రోజూ ఇంట్లో, అరుగు మీద, షేర్ ఆటోలో అన్నాను. పిల్లలు కూడా అదే పేరుతో పిలవడం మొదలుపెట్టారు. నాకు సంతోషంగా ఉండేది.

ఒకరోజు నేను మొదటి షిఫ్టులో ఉన్నాను. పొద్దున పదకొండింటికి పైకి రమ్మన్నారు, ఇంటి దగ్గర ఏదో అయిందట. ఏమైందో చెప్పేవాడు లేడు. బొగ్గు మొహంతోనే పరిగెత్తాను.

మా ఇంటి ముందు ఆడవాళ్లంతా గుమిగూడి ఉన్నారు. చాట బోర్లా పడి ఉంది, బియ్యం నేలంతా ఉన్నాయి. మా ఆవిడ కమల గడపలో కూలబడి ఉంది. ఎప్పుడూ వాడి ఇంటి ముందు ఆగే తెల్ల కారు ఆ రోజు మా గుమ్మం ముందు ఉంది.

షిఫ్టు నడుస్తున్నప్పుడు గుమ్మం ముందు తెల్ల బండి ఆగితే, గని కార్మికుడి భార్య ఇంకేం అనుకుంటుంది? అందులోంచి ఎవరు దిగుతున్నారో కూడా చూడలేదట.

నన్ను చూసి లేచింది. రెండు చేతులతో నా గుండెల మీద కొట్టింది.

"దవాఖాన బండి, దవాఖాన బండని దినాం నువ్వే అంటివి గదా..."

రాజేశం కారు పక్కన తాళంచెవి పట్టుకుని నిలబడ్డాడు. ఆ మర్నాడు వాడి బిడ్డకు పిల్లవాణ్ని చూడటానికి వెళ్తున్నాం. ఆ మాట చెప్పడానికే వచ్చాడు.

"రేపు నిన్ను ముందట కూసోపెట్టుకుందామని అచ్చిన బావ," అన్నాడు.

నేను కమలను లోపలికి నడిపించుకుపోయాను. మర్నాడు కడుపులో బాగాలేదని ఇంట్లోనే ఉండిపోయాను.

పదిరోజుల్లో కారు ఎర్ర రంగు వేయించుకుని వచ్చింది. వాడు మళ్లీ ఎప్పుడూ ఎక్కమనలేదు, నేను అడగలేదు. రాష్ట్రం వచ్చిన ఏడు దాన్ని అమ్మేశాడు.

ఫొటో కింద ఎవరో రాశారు... 'కలర్ సూపర్ కాకా' అని. ఆ రంగు ఎవరి నోటి పుణ్యాన వేయించాల్సి వచ్చిందో వాడు రాయలేదు. అందులో కూడా వాడే గెలిచాడు.

ఇప్పుడు మా సందులో ఇంటికో కారు. ముందు సీట్లో పిలిచి కూర్చోబెట్టాల్సిన మనిషి ఎవరికీ ఉన్నట్టు లేదు... సంచీ పెట్టుకుంటున్నారు.

మీ వాడకి మొదటి కారు వచ్చిన రోజు ముందు సీట్లో ఎవరు కూర్చున్నారో రాయండి...

రాజేశం, నీ బండి లోపాలన్నీ నాకు నోటికి వచ్చు. ఆ ముందు సీటు మెత్తగా ఉండేదా, గట్టిగా ఉండేదా... అదొక్కటి నువ్వు రాయి.