బ్రదెత్ గోల్ కీపరు కాళ్లకి ఇలారియె బూట్లు

మా ఊరి నూలుమిల్లు మూతపడి ఎన్నేళ్లో అయింది గానీ, దాని పేరు మీద పెట్టిన ఫుట్‌బాల్ జట్టు మాత్రం ఇంకా ఆడుతూనే ఉంది. ఆడుతూ అంటే ఓడుతూ అనుకోండి. నాలుగో లీగులో అట్టడుగున, చూరుకి గబ్బిలంలా వేలాడుతుండేది. ఆ జట్టుకున్న బలమల్లా ఒకటే, సవేత నోరు.

సవేత ఆ మిల్లులోనే దారం వడికింది. ఆ మరల రొదలో పక్కదానికి మాట వినపడాలంటే గొంతు చించుకోవాలి. మిల్లు పోయింది, గొంతు మిగిలింది. ఆటరోజు పొద్దుతిరుగుడు గింజల పొట్లం పట్టుకుని అవతలి జట్టు గోలు వెనకాల నిలబడేది. సగం ఆటయ్యాక వాళ్లు ఇటు మారితే ఈవిడా పొట్లం పుచ్చుకుని ఇటే వచ్చేది. గింజ కొరికి, పొట్టు ఊసి, ఆ గోల్ కీపర్ని పుట్టుక దగ్గర్నించీ ఎత్తుకునేది. నీ చేతులకి వెన్న రాసి పంపిందా మీ అమ్మ అనేది. నీ మోకాళ్లు రెండూ వియ్యపురాళ్లలాగ ఎడమొహం పెడమొహం పెట్టుకున్నాయేంట్రా అనేది. మీసాలొచ్చిన మగాళ్లు బంతి జారవిడిచేవాళ్లు.

మొగుడు ఇలారియెకి మాట్లాడితే ముత్యాలు రాలిపోతాయి. వయసులో ఉండగా మా జట్టు గోల్ కీపరు. తర్వాత మైదానమంతా ఆయనే చూసుకునేవాడు. గడ్డి కోసేది ఆయన, సున్నంతో గీతలేసేది ఆయన, వల చిరిగితే కుట్టేది ఆయన. వాళ్లనలా తిట్టకే, వాళ్లకీ పెళ్లాం పిల్లలుంటారు అనేవాడు. ఉంటే ఇంట్లో ఉండమను, గోల్లో ఏం పని అనేది సవేత.

ఆ ఇలారియె ప్లమ్ పళ్ల కాలంలో, గడ్డి కోస్తా కోస్తా కూలబడి పోయాడు.

మా వైపు మనిషి పోతే నలభయ్యో నాడు ఆ మనిషి పేర ఎవరికన్నా బట్టలూ జోళ్లూ ఇయ్యాలి, కొవ్వొత్తి వెలిగించి. పుచ్చుకున్నవాళ్లు దేవుడు ఆయన్ని మన్నించాలి అని తీసుకుంటారు. ఇక్కడ వీళ్లు తొడిగితే అక్కడ ఆయన తొడిగినట్టు. ఇయ్యకపోతే ఆ లోకంలో ఉత్తకాళ్లతో తిరగాల్సిందే. అందరూ ఏ బీదవాడికో ఇస్తారు. సవేత కూడా కోటైతే వీధి చివర ముసలాయనకే ఇచ్చింది. జోళ్ల దగ్గరికొచ్చేసరికి ఆలోచనలో పడింది. ఈ మనిషి నల్లజోళ్లేసుకుని అక్కడ ఖాళీగా కూచుంటాడా? కూచోడు. పెళ్లయిన ఏడాది కొనుక్కుని, నూనె రాసి రాసి దాచుకున్న ఫుట్‌బాల్ బూట్లు తీసింది. ఊడిన చోట కుట్టించింది. కొవ్వొత్తితో సహా పట్టుకెళ్లి మా గోల్ కీపరు మార్చెల్ చేతిలో పెట్టింది. వాడి కాలికి అచ్చు కొలిచినట్టు సరిపోయాయి. గోధుమలు ఉడకబెట్టి చక్కెరా అక్రోటూ కలిపి అందరికీ పంచింది. మనసు నిమ్మళించింది. పోయినా మావాడు మా జట్టుకే ఆడుతున్నాడు అనుకుంది.

మంచు పడి ఆటలు ఆగిపోయాయా, మార్చెల్ బ్రదెత్ జట్టులోకి పోయాడు. బ్రదెత్ అంటే ఎగువూరు, మాకూ వాళ్లకీ పామూ ముంగిసా. అక్కడ కర్రకోత మిల్లు ఆసామిదే జట్టు. వాడికి మిల్లులో పనిచ్చాడు. పెళ్లాం కడుపుతో ఉంది, వాడు మాత్రం ఏం చేస్తాడు? వెళ్తా వెళ్తా బూట్లు కూడా పట్టుకుపోయాడు. దానమిచ్చినవి కదా, మరి.

పొరుగింటి లియొంతీన నాలిక ఊరుకుంటుందా? రొట్టెల కొట్టు ముందర పదిమందిలో అడిగేసింది.

"ఏమే సవేతా, మీ ఆయన బ్రదెత్‌కి ఆడుతున్నాడంట కదా? బతికున్నన్నాళ్లూ గడప దాటనోడు, చచ్చాక పార్టీ మార్చాడే?"

అందరూ నవ్వారు. సవేత నవ్వలేదు. ఆ పూట మొక్కజొన్న సంకటి వండుకుని ముట్టుకోకుండా మూతెట్టేసింది. ఆ మనిషి అక్కడ తెలియని వాళ్ల మధ్య, తెలియని గోల్లో నిలబడ్డాడేమో. నేనే పంపించానేమో. ఇదే దిగులు.

పైగా ఆఖరి ఆట బ్రదెత్‌తోనే, మా మైదానంలో. గెలిస్తే నాలుగో లీగులో ఉంటాం, సమానంగా ముగిసినా అయిదోదానికి దిగిపోతాం. ఊరంతా సవేత వైపే చూస్తోంది. ఈసారి వాణ్ణి వదలకు, కాళ్లు విరిగేటట్టు శపించు అని ఒకడు. కాళ్లంటే ఎవరి కాళ్లు? తిట్టు తగిలితే ఎవరికి తగులుతుంది? ఇది ఎవడికీ పట్టలేదు.

ప్రొకోపియె ఫాదరు దగ్గరికెళ్లి అడిగింది, ఇచ్చిన దానాన్ని ఇంకొకళ్ల మీదికి మార్చొచ్చా అని. ఆయన గడ్డం దువ్వుకుని, ఇచ్చాక అది నీది కాదమ్మా, ఎవరి తరఫున ఆడాలో చెప్పడానికి నువ్వెవరివి అన్నాడు. సవేత తలొంచుకుని గుమ్మం దాకా వచ్చింది. అప్పుడు వెనకనించి మెల్లిగా అన్నాడు, ఆయనా మా జట్టు మనిషే మరి:

"అమ్మా, నువ్విచ్చింది బూట్లేగా. చేతితొడుగులు ఇవ్వలేదుగా?"

ఆటరోజు పొద్దున్నించీ వాన. మైదానం గేదెలు దొర్లిన మడుగులా ఉంది. సవేత గోలు వెనక నిలబడి, చీలమండకి పైనున్నదంతా తిట్టింది. మార్చెల్ చేతుల్ని తిట్టింది, కళ్లని తిట్టింది, వాడి మేనమామ దగ్గర్నించి వచ్చిన చెవుల్ని కూడా తిట్టింది. కాళ్ల జోలికి పోలా. వాడూ వెనక్కి తిరిగి, ఇంకా గట్టిగా తిట్టు అత్తా, నువ్వు తిట్టకపోతే బెంగగా ఉంటది అన్నాడు వెధవ.

చివరికొచ్చింది. రెండువైపులా గోల్ లేదు. మావాళ్లకి మూల నించి కొట్టే బంతి దొరికింది. ఊరంతా లేచి నిలబడింది. అప్పుడు చూసింది సవేత. మార్చెల్ కుడి బూటు లేసు ఊడి బురదలో ఈడ్చుకుంటోంది. వాడు చూసుకోలా. వెనకనున్న ఈవిడకొక్కదానికే కనపడుతోంది. కాలు కదిపాడా, దాన్నే తొక్కుకుని పడతాడు. గోల్ అవుతుంది. ఊరు నిలబడుతుంది.

నోట్లో గింజ అలాగే ఉంది. మిల్లు రొదని మించి అరిచిన గొంతు, ఆ మాట మాత్రం ఇంట్లో మనిషితో అన్నట్టు అంది.

"లేసు కట్టుకో. పడతావు."

మార్చెల్‌నన్నదో ఇంకొకరినన్నదో ఆవిడకే తెలీదు. వాడు వంగి ముడేశాడు. బంతి వచ్చింది, మావాడు తలతో నేలబారుగా కొట్టాడు, చేతులందలేదు. మార్చెల్ కుడికాలు చాపాడు. బంతి బూటుకి తగిలి బయటికి పోయింది.

అంతే. అయిదో లీగు.

అందరూ గొడుగులు మూసుకుని తడుస్తా వెళ్లారు, ఒక్కరూ పలకరించలేదు. లియొంతీన మాత్రం ఆగింది. ఏమన్నావే వాడితో, నేను చూశాను నీ పెదాలు కదిలాయి అంది. సవేత దాచలేదు.

"ఆయన ఆడినన్నాళ్లూ జారిపడి గోలిచ్చినోడు కాదు. ఊరి కోసమని ఇప్పుడు నేను పడేస్తానంటే?"

లియొంతీన పొట్లంలో చెయ్యి పెట్టి ఇన్ని గింజలు తీసుకుంది, ఇద్దరూ కలిసి నడుచుకుంటూ పోయారు.

చలికి ముందర మళ్లీ ఆటలు మొదలయ్యాయి. అయిదో లీగంటే గొర్రెల్ని తోలేసి ఆడే మైదానాలు. సవేత మానలా, గోలు వెనకే నిలబడుతుంది. కాకపోతే నోరు తెరవడానికి ముందు ఆ గోల్ కీపరు కాళ్లకేసి చూస్తుంది. ఈ బూట్లు ఎక్కడివిరా అంటుంది. సంతలో కొన్నానంటే వాడి పని అయిపోయినట్టే. మొన్నొకడు, పోయిన మా మావయ్య పేర ఇచ్చారు అన్నాడు. ఆయన పేరేంటని అడిగింది. చెప్పాడు. శిలువ గుర్తు వేసుకుంది. తర్వాత గింజ కొరికి, వాడి చేతుల దగ్గర్నించి మొదలెట్టింది.