జంగయ్యన్న తగిలించిన మూతలు

ఈ ఉదయం నల్లగొండలో ఓ టైర్ల దుకాణం ముందు నా కారుకు గాలి పట్టిస్తుంటే, లోపల ఎవరో ఒక అల్లాయ్ చక్రాన్ని సిమెంటు గచ్చు మీద దించారు. ఖంగుమని మోగాల్సింది దబ్బుమంది. పదేళ్లయినా ఆ చప్పుడు వింటే నా గుండె గుభేలుమంటుంది. అలా భయపడటం నేర్పింది జంగయ్యన్న.

రాష్ట్రం వచ్చిన కొత్తలో నేను కారు కిరాయికి తిప్పేవాణ్ణి. రోజూ పొద్దున నలుగురు టీచరమ్మల్ని మర్రిగూడ దాకా తీసుకుపోయి, సాయంత్రం తిరిగి తేవడం నా పని. జంగయ్యన్నది గడియారం సెంటర్ వెనక ఓ రేకుల షెడ్డు. చక్రాల పని తప్ప వేరేది ముట్టేవాడు కాదు. ఎవరు ఏ చక్రం తెచ్చినా ముందు దాన్ని తాడుకు వేలాడదీసి, పానాతో మెల్లగా కొట్టి చెవి ఒగ్గేవాడు, అంగట్లో ఆడవాళ్లు కుండ కొట్టి చూసినట్టు. "మంచి చక్రం పాడతది తమ్మీ, పగిలింది దగ్గుతది" అనేవాడు. నేను ముఖం తిప్పుకుని నవ్వుకునేవాణ్ణి. మిషన్లు వచ్చిన కాలంలో ఈయన చెవి ఎవరికి కావాలి అనుకునేంత పొగరు నాది.

అప్పుడే నాకు అల్లాయ్ చక్రాల, అంటే తేలిక చక్రాల పిచ్చి పట్టింది. ఇనుపవి తీసేసి అవి వేస్తే బండి దూకుతుందని, మలుపుల్లో చెప్పిన మాట వింటుందని ఫోనులో వీడియోలు చూసీ చూసీ బుర్ర పాడుచేసుకున్నాను. హైదరాబాదులో ఎవరో వాడి తీసేసిన నాలుగు చక్రాలు తెచ్చి, "అన్నా, రేపు పొద్దున టీచరమ్మలను వీటి మీదనే తోల్కపోవాలె" అన్నాను. ఆయన నాలుగూ వేలాడదీసి కొట్టాడు. నేను ఫోను చూసుకుంటూ ఆ చప్పుళ్లు పట్టించుకోలేదు. "బండి ఇడిసిపో. సాయంత్రం రా" అన్నాడు, అంతే.

సాయంత్రానికి కారు సిద్ధంగా ఉంది. చక్రాలకు వెండిరంగు ప్లాస్టిక్ మూతలు తగిలించి ఉన్నాయి. "గీతలు పడొద్దని పెట్టిన. జర నడిపి చూసి రా, తీస్త" అన్నాడు. మునుగోడు దాకా వెళ్లొచ్చాను. ఏం చెప్పను ఆ సంబరం! స్టీరింగు రెండు వేళ్లకే తిరుగుతోంది, కాలు పెట్టీ పెట్టకముందే బండి అందుకుంటోంది, గుంతలు గుంతల్లా లేవు. తిరిగొచ్చి దిగీ దిగకముందే, "అన్నా, బండి ఎగిరిపోతాంది! భూమికి ఆకాశానికి ఉన్నంత ఫరక్ ఉంది" అని అరిచాను.

జంగయ్యన్న గొంతుక్కూచుని మూత ఒకటి ఊడబెరికాడు.

లోపల నా పాత ఇనుప చక్రమే. మర్రిగూడ గుంతలో పడి సొట్టపోయిన అంచుతో సహా అదే. మిగతా మూడూ అంతే. పొద్దుటి నుంచి ఆయన చేసిన పనల్లా మూతలు తగిలించడమే! సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

"మరి నిజంగ ఫరక్ ఉండదా అన్నా?" అన్నాను.

"ఎందుకుండది? మంచియి అయితే ఉంటది. బరువు తక్కువున్న చక్రం గుంతల దిగినా జల్ది అందుకుంటది. కని నిండ జనంతోని నిమ్మళంగ పోయే బండికి ఆ ఫరక్ ఎంత? నీ కాలుకు తెల్వలే, నీ మనసుకు తెలిసింది." నేను కొనితెచ్చిన వాటిలో నాలుగో చక్రం తెచ్చి వేలాడదీశాడు. కొట్టాడు. దబ్బుమంది. పైన రంగు గీకితే లోపల పగులు, దాని మీద వెల్డింగు.

కిటికీకి తల ఆనించి బడి వచ్చేదాకా నిద్రపోయే పెద్ద టీచరమ్మ ముఖం కళ్ల ముందు మెదిలింది. "పొద్దున్నే చెప్తే అయిపోతుండె గదన్నా!" అన్నాను కోపంగా.

ఆయన పానా కింద పెట్టాడు. "మా తమ్మునికి చెప్పిన. పగిలిందిరా, ఏసుకోకు అన్న. కోపానికొచ్చి ఇంకో షాపుల ఏయించుకున్నడు. నేను చెప్పిన, నా పని అయిపోయింది అనుకొని ఊకున్న. మూడో దినం నార్కట్‌పల్లి తొవ్వల చక్రం ఇరిగింది. వాన్ని మోసుకొచ్చింది నేనే." మళ్లీ పానా తీసుకుని పనిలో పడ్డాడు. నేను ఆ చక్రాలు అక్కడే వదిలేసి, పాతవాటి మీదే ఇంటికి వెళ్లాను.

జంగయ్యన్న పోయి నాలుగేళ్లయింది. ఇప్పటి నా కారుకు కంపెనీవాళ్లే తేలిక చక్రాలు బిగించి ఇచ్చారు. బాగానే ఉన్నాయి. ఆ బాగుండటంలో చక్రాల వాటా ఎంతో, నా మనసు వాటా ఎంతో ఇప్పటికీ చెప్పలేను.

ఈ ఉదయం లోపలికి వెళ్లి చూస్తే, ఆ చక్రం తన కారుకు వేయించుకోవడానికి వచ్చిన కుర్రవాడు ఫోను పట్టుకుని నిలబడి ఉన్నాడు. పాత ఇనుప చక్రాలు ఇంకా వాడి బండికే ఉన్నాయి. "తమ్మీ, ఆ చక్రం పగిలి ఉంది. ఏసుకోకు" అన్నాను. ఎగాదిగా చూశాడు. "నీకేం తెల్సు? నాకు నచ్చినయ్, ఏయించుకుంట" అన్నాడు. చెప్పాను కదా, ఇక నా దారిన నేను పోవచ్చు. గేటు దాకా వచ్చాను కూడా. అక్కడ కాళ్లు ఆగిపోయాయి.

వెనక్కి తిరిగి కుర్రవాడి భుజం మీద చెయ్యి వేశాను. "సరే, నీ ఇష్టం. ఏసేలోపల చాయ్ తాగొద్దాం, రా" అన్నాను. వాణ్ణి ముందు నడవనిచ్చి, దుకాణం ఆయన దగ్గరకు వెళ్లి మెల్లగా అడిగాను.

"అన్నా, మీ దగ్గర చక్రాల మూతలు ఉన్నయా?"