మూడు ముక్కల కీష్

చిట్టమ్మీ, నా బిడ్డా, నువ్వు పోయి నెల దాటింది.

నా కూతురు పోయిన సంగతి తెలియనివాళ్లు ఇంకా ఉన్నారు. కర్నూల్లో ఆమె పనిచేసిన బట్టల అంగడికి వచ్చి, "ఆ పాప రాలేదా?" అని అడుగుతున్నారంట. జ్వరం వచ్చిన ఆరో రోజు ఆసుపత్రిలో పోయింది. దాని గురించి ఇంతకన్నా చెప్పడానికి నాకు రాదు. ఆమె చేసే ఒక వంట గురించి రాస్తాను.

మా ఇంట్లో మిగిలిన కూర ఎప్పుడూ నా వంతే. ఎవరో పెట్టిన నియమం కాదు. మా అమ్మ అట్లే తినేది, నేనూ అట్లే తిన్నాను. తండ్రీకూతుళ్లకు వేడిది పెట్టి, నేను పొయ్యి దగ్గర నిలబడి పాతది తిని, ఆ గిన్నె కడిగేసేదాన్ని. ఒకరోజు కూతురు చూసింది.

"మిగిలింది దాచేదానికి ఫ్రిజ్జు కొన్యాము గదమ్మా. మళ్లా నీ కడుపెందుకు?" అనింది.

నేను నవ్వేశాను. ఆమె నవ్వలేదు. ఆ వారంలోనే ఫోన్‌లో చూసి కీష్ నేర్చుకుంది. అది గుడ్లతో చేసే పరదేశపు వంటంట.

మాది కర్నూలు పక్కనే కల్లూరు. సాయంత్రం షేర్ ఆటో దిగి వస్తూనే ఫ్రిజ్జు తెరిచి గిన్నెల మూతలు ఎత్తి చూసేది. పొద్దటి బీన్స్ తాలింపు, నిన్నటి ఆలుగడ్డ కూర, గట్టిపడిన రెండు చపాతీలు, ఏవుంటే అవి. గిన్నెకు నూనె పూసి చపాతీలు అడుగునా అంచులకూ పరిచేది. మూడు గుడ్లు, అర గ్లాసు పాలు, ఉప్పు, మిరియాల పొడి గిలకొట్టి, కూరలు కలిపి దాంట్లో పోసేది. కుక్కర్ అడుగున ఉప్పు పోసి, ఆ గిన్నె లోపల పెట్టి, విజిల్ తీసేసిన మూత వేసి, సన్నమంట మీద ఉంచి స్నానానికి పోయేది. పులుసు కూరలు వద్దనేది. నీళ్లు ఇంకిన కూరైతేనే గుడ్డు గట్టిపడుతుందని చెప్పేది.

మొదటిసారి వాళ్ల నాయన పళ్లెం అటూ ఇటూ తిప్పి చూశాడు. ఆయన నేలకు పరిచే బండల గోడౌన్‌లో పనిచేస్తాడు, ఏ వస్తువునైనా అంచులు చూడకుండా ఉండలేడు.

"ఏందిమ్మీ ఇది, అట్టా, రొట్టా?"

"తిని చెప్పు నాయనా. సూసి చెప్పేదానికి ఇదేమన్నా బండా?"

తిన్నాడు. "శానా బాగుండాది. పేరే నోరు తిరగలే" అన్నాడు.

కత్తితో ముందు గీత గీసి చూసుకుని, మూడు ముక్కలూ సమంగా కోసేది. "ముగ్గురమూ పాతదే తింటాండాం, ముగ్గురమూ వేడిదే తింటాండాం. ఇంగేం?" అనేది.

నేను మాత్రం ఆకలి లేదని చెప్పి, నా ముక్క డబ్బాలో పెట్టి ఫ్రిజ్జులో దాచేదాన్ని. మరుసటి రోజు ఆమె క్యారియర్‌లోకి వస్తుందని. ఆమెకు అంత ఇష్టం.

"ఈ పొద్దన్నా మాతో కూచోమ్మా."

"రేపు కూచుంటాలే."

రెండేళ్లు అట్లే గడిచాయి.

పదకొండో దినం, పోయినవాళ్లకు ఇష్టమైనవి వండి విస్తట్లో పెడతాం. మాలో గుడ్లు కూడా పెడతారు. నేను కీష్ చేస్తానన్నాను. మా ఆడబిడ్డ ఒప్పుకోలేదు.

"మిగిలినవి పెడ్తావా వదినా బిడ్డకు? ఆ పొద్దు వండినవే పెట్టల్ల."

ఆమె అన్నదాంట్లో తప్పు లేదు, ఆచారం అదే. తెల్లవారే లేచి అన్నీ తాజాగా వండాను. చపాతీలు కూడా అప్పుడే కాల్చాను. కుక్కర్ మూత తీస్తే గుడ్డు గట్టిపడలేదు, పైన నీళ్లు తేలాయి. కూతురు చెప్పిన మాట అప్పుడు గుర్తొచ్చింది. ఇంక టైము లేదు. అదే పెట్టాను.

మరుసటి రోజు చుట్టాలు వెళ్లిపోయారు. ఫ్రిజ్జు నిండా కూరలు మిగిలాయి. సాయంత్రం వాళ్ల నాయన ఫ్రిజ్జు ముందు నిలబడి, "ఇయ్యన్నీ ఏం చేస్తావు?" అన్నాడు. నేను ఆ కూరల్లో గుడ్లు కొట్టి కుక్కర్‌లో పెట్టాను. ఈసారి గట్టిపడింది. అంచులు ఎర్రగా వచ్చాయి. కత్తితో గీత గీసి కోశాను. కోసినాక చూస్తే మూడు ముక్కలు.

ఆయన ఒకటి తీసుకున్నాడు. నేను అలవాటు కొద్దీ నాది డబ్బాలో వేసి మూత పెట్టాను.

"ఎవరికి దాస్తాండావు?" అన్నాడు. కొంచెం పక్కకు జరిగి, "కూచో. సల్లగైతాది" అన్నాడు.

మూత తీసి, ఆయన పక్కన కింద కూర్చుని తిన్నాను. దాన్ని వేడిగా తినడం నాకు అదే మొదలు. చాలా బాగుంది. ఆ మాట ఆమెకు చెప్పి ఉండాల్సింది.

మూడో ముక్క పళ్లెంలో ఉంది. దాని మీది ఆవిరి పోయేదాకా ఇద్దరమూ లేవలేదు.

మీ ఇంట్లో ఎవరైనా కూర్చోమంటే కూర్చోండి. వేడిగా ఉన్నప్పుడే కడుపు నిండా తినండి.