అరబ్బీలో మాయమైన ఆరో పేరా

ఇప్పుడు చెబితే నవ్వుతారు గానీ, ఆ రోజుల్లో నాకు లోకంలో ప్రతి మనిషి మీదా అనుమానమే. ఇరవై మూడేళ్ల వయసు, చేతిలో డిగ్రీ, ఎక్కడా ఉద్యోగం లేదు. అలాంటప్పుడు మనిషికి తన తెలివి ఒక్కటే నమ్మదగినదిగా, మిగతా జనమంతా దాన్ని బోల్తా కొట్టించడానికే పుట్టినట్టుగా కనిపిస్తారు. జనగామలో కోర్టు ఎదురుగా మా మేనమామకు జిరాక్స్, టైపింగ్ షాపు ఉండేది. అందులో టైపు పని నాది. ఎవరైనా స్టాంపు పేపరు ఇస్తే వెలుతురుకు పట్టి చూసేవాణ్ని. ఎవరైనా నవ్వుతూ మాట్లాడితే జేబు తడుముకునేవాణ్ని. (జేబులో ఏమీ ఉండేది కాదు. అయినా తడుముకునేవాణ్ని.)

ఒకరోజు రఘునాథపల్లి దగ్గరి తండా నుంచి ఒక అక్క వచ్చింది. ఆమె భర్త గల్ఫ్‌లో డ్రైవరు. పాస్‌పోర్టులో ఒక పేరు, ఆధార్‌లో ఇంకో పేరు ఉండేసరికి, అతను వేరే ఎవరి పాస్‌పోర్టుతోనో వచ్చాడని అక్కడి పోలీసులు కేసు పెట్టారు. ఈ రెండు పేర్లూ ఒకే మనిషివి, ఆ మనిషి నా భర్తే అని ఆమె ఇక్కణ్నుంచి అర్జీ రాసి పంపాలి. ఇంగ్లీషులో ఒకటి, అరబ్బీలో ఒకటి. వచ్చే వారమే వాయిదా. అది చేరకపోతే అతనికి జైలే. "తమ్మీ, నీ కాళ్లు మొక్కుత, జర తొందరగ చెయ్యి" అంది. ఇంగ్లీషుదానికి నాకు అరగంట కూడా పట్టలేదు. పదకొండు పేరాలు. టైపు చేసేవాళ్లందరికీ తెలిసిన కిటుకే: పాత అర్జీ ఒకటి తెరవడం, పేర్లు మార్చడం, ప్రింటు తీయడం. మొదటి నుంచి రాసేవాణ్ని మా కోర్టు వీధిలో వెర్రివాడి కింద లెక్కగట్టేవాళ్లు.

అరబ్బీ కోసం మామ మమ్మల్ని మౌల్వీసాబ్ దగ్గరికి పంపాడు. ఆయన కోర్టులో పాత ఉర్దూ రికార్డులను ఇంగ్లీషులోకి మార్చే పని చేసి రిటైరైన మనిషి. అరబ్బీ కూడా బాగా చదువుకున్నాడు. కళ్లద్దాల కాలికి దారం కట్టుకుని, నా ప్రింటు మొదటి పేజీ చూసి నవ్వాడు. అప్పుడే నా జేబు తడుముకున్నాను.

"బేటా, ఈ కేసు రద్దు అంటరు, మళ్ల చెల్లదు అంటరు, మళ్ల శూన్యం అంటరు. మూడుసార్లెందుకు? చచ్చినోణ్ని మూడుసార్లు చంపుతరా? నేను ఒక్కటే రాస్త" అన్నాడు.

"మూడూ రాయండి సాబ్. కోర్టు కాయిదం" అన్నాను కటువుగా.

"జడ్జిని మై లార్డ్ అని రాసినవు. అట్ల రాయ. గౌరవనీయులైన ఖాజీ సాబ్ అని రాస్త."

ఇక చివరి వాక్యం దగ్గరికి వచ్చాడు. మన అర్జీలన్నింటికీ చివర ఒక వాక్యం ఉంటుంది: ఈ దయకు బదులుగా అర్జీదారు ఎల్లప్పుడూ తమ కోసం ప్రార్థిస్తూ ఉంటారని. నేను వందసార్లు టైపు చేశాను, ఒక్కసారీ చదవలేదు. ఆయన అక్క వైపు తిరిగి, "అమ్మా, ఆ జడ్జి కోసం నువ్వు ఎప్పటికీ మొక్కుతనని ఇండ్ల ఉన్నది. మొక్కుతవా?" అని అడిగాడు.

"అది ఊరికే ఫార్మాట్ సాబ్" అన్నాను.

"ఫార్మాట్ మొక్కదు గద బేటా. ఆమె మొక్కాలె. లేకుంటే నేను అబద్ధం రాసినట్టు."

అక్క ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "మొక్కుత సాబ్. మంగళారం మంగళారం మొక్కుత" అంది. ఆయన తృప్తిగా తలూపి, ఆమె ఫోన్ నంబరు రాసుకున్నాడు. నంబరు ఎందుకు? నా అనుమానానికి ఆ రాత్రి నిద్ర పట్టలేదు. రేపటి నుంచి గిరాకీలందరినీ నేరుగా ఇంటికి పిలిపించుకుంటాడు కాబోలు అనుకున్నాను.

మర్నాడు నిఘాకు వెళ్లాను. ఆయన నమాజుకు పోయాడు, బల్ల మీద నా ఇంగ్లీషు ప్రింటు ఉంది. ఆరో పేరా పక్కన పెన్సిలుతో పెద్ద ప్రశ్న గుర్తు! కోర్టు కాగితాన్ని ఇలా పాడుచేస్తాడా అని ఒళ్లు మండి, ఆయన రబ్బరుతోనే ఆ గుర్తును శుభ్రంగా చెరిపేసి వచ్చాను. ఏదో పెద్ద కుట్ర భగ్నం చేసినట్టు దారంతా ఛాతీ విరుచుకుని నడిచాను. సాయంత్రానికల్లా నా ప్రతి మీద నోటరీ ముద్ర కూడా వేయించేశాను.

మూడోరోజు పొద్దున అరబ్బీ కాగితం వచ్చింది. నాది నాలుగు పేజీలు, ఆయనది రెండున్నర! చేతిరాత కాబట్టి ఫోన్లో పెట్టి అనువాదం చూసే వీలూ లేదు. అందుకని మా వీధిలో అందరూ దుబాయ్ అన్న అనే ఆయన్ను పిలిచాను. ఆయన ఆరేళ్లు అక్కడ డ్రైవింగ్ చేసి, ఇప్పుడు భూపాలపల్లిలో బొగ్గు టిప్పర్ నడుపుతూ సెలవుకు ఇంటికి వచ్చాడు. అరబ్బీ గడగడా మాట్లాడతాడని పేరు. కాగితం చేతిలో పెట్టాక తెలిసింది, అన్నకు మాట్లాడడమే గానీ చదవడం రాదని.

"తమ్మీ, అక్షరాలు రావు గని అంకెలొస్తయి. బండి నంబర్లు చూసి నేర్సుకున్న" అన్నాడు. వేలు పెట్టి పేరాలు లెక్కబెట్టాడు. మళ్లీ లెక్కబెట్టాడు. "పదే ఉన్నయి."

ఒక పేరా మాయం! నా జీవితంలో అంత సంతోషం అంతకుముందెప్పుడూ కలగలేదు. అక్కనూ దుబాయ్ అన్ననూ వెంటబెట్టుకుని మౌల్వీసాబ్ ఇంటికి దండయాత్ర చేశాను. మధ్యాహ్నం కొరియర్ పోవాలి. "పదకొండో పేరా ఏది సాబ్? ఆమె మొగుడి బతుకుతో ఆటలా?" అని వాకిట్లోంచే అరిచాను.

ఆయన కోప్పడలేదు. నా చేతిలోని ఇంగ్లీషు ప్రతిని తీసి ఆరో పేరా మీద వేలు పెట్టాడు. "గిది జర చదువు బేటా. తెలుగుల చెప్పు, అమ్మకు గూడ సమజైతది."

గొంతు సవరించుకుని దర్జాగా మొదలుపెట్టాను. "నా భర్త ఏడేళ్లుగా కనబడుట లేదు. బతికి ఉన్నట్లు ఎవరికీ సమాచారం లేదు. కావున ఆయన చనిపోయినట్లుగా..." అక్కడ ఆపి, పేరా మళ్లీ మొదటి నుంచి చూశాను. అంతకుముందు నెలలో లింగాల ఘనపూర్ నుంచి వచ్చిన ఒక ముసలమ్మ అర్జీ అది. పేర్లు మార్చాను, ఆ పేరా తీయడం మరిచాను.

"ఏందీ, సచ్చిపోయిండా?" అక్క లేచి నిలబడింది. "పొద్దుగాలనే ఫోన్ల మాట్లాడిండు! కూరల ఉప్పెక్కువైందని నన్నే తిట్టిండు, ఆయనే వండుకొని! మొన్న ఈ సాబ్ గూడ ఫోన్ చేసి నీ పెనిమిటి ఉన్నడా అమ్మా అంటే, గదేం మాటని మంచిగ తిట్టిన."

నాకు అప్పుడు వెలిగింది. అక్కడి కోర్టు అడుగుతున్నదే ఈ మనిషి ఎవరని. భార్యే తన భర్త చచ్చాడని ముద్ర వేసి పంపితే, బోనులో ఉన్నవాడు కచ్చితంగా వేరేవాడే అవుతాడు. అతన్ని జైలుకు పంపడానికి కావలసిన సాక్ష్యం నేనే టైపు చేసి, ముద్ర వేయించి పెట్టాను.

"మరి నాకు చెప్పొచ్చు గద సాబ్" అన్నాను, వినపడీ వినపడనట్టు.

"గుర్తు పెట్టిన గద. నువ్వొచ్చి రబ్బరుతోని తుడిచినవని ఇంట్లోళ్లు చెప్పిండ్రు. సమజైంది, దిద్దుకుంటవనుకున్న" అన్నాడాయన. దుబాయ్ అన్న మెల్లగా చెప్పులు వేసుకున్నాడు. నేను షాపుకు ఎలా పరిగెత్తానో, మళ్లీ టైపు చేసి, నోటరీ సార్ ముద్ర వేసేదాకా ఆయన అన్నం ప్లేటు ముందు ఎలా నిలబడ్డానో ఇప్పటికీ కలలోకి వస్తుంది. కొరియర్ అందింది. నెల తిరక్కుండా కేసు కొట్టేశారు.

ఏడాది తర్వాత ఆ అక్క భర్తతో సహా షాపుకు వచ్చింది. చనిపోయాడని నేను రాసిన మనిషి నా ముందు కూర్చుని టీ తాగుతుంటే సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. అక్క అసలు పని బయటపెట్టింది. "తమ్మీ, ఆ జడ్జి కోసం ఒక్క మంగళారం తప్పలే. ఇంక ఎన్నొద్దులు మొక్కాలె? కాయిదంల ఏమున్నది?"

ఫైలు తీసి చూశాను. "ఎల్లప్పుడూ అని ఉందక్కా."

"గట్లనే కానీ. జడ్జికి దీపం పెట్టినప్పుడే నీకు గూడ పెడుతున్న, యాష్ట లేదు, కష్టం లేదు" అంది.

"నాకెందుకక్కా?"

"ఆ సాబ్ చెప్పిండు. టైపు పిల్లగానికి గూడ ఒక మాట మొక్కమ్మా, జర చదివి టైపు చేసే బుద్ధి రావాలని."

మౌల్వీసాబ్ ఇప్పుడు లేరు. నాకు మహబూబాబాద్‌లో సొంత షాపు ఉంది, జుట్టు పలచబడింది, అనుమానం మాత్రం అలాగే ఉంది. ప్రతి కాగితాన్నీ గట్టిగా చదివి, "ఇది నిజమేనా?" అని అడిగాకే ప్రింటు తీస్తాను. జనం విసుక్కుంటారు, నేను లెక్కచేయను. మంగళవారాల్లో మాత్రం, నా పేర ఎక్కడో ఒక దీపం వెలుగుతోందన్న ధైర్యంతో, కాస్త వేగంగా టైపు చేస్తుంటాను.