రాయి పెట్టిన కర్ర

తరగతిలో ఎవరి పెన్నయినా పోయిందంటే పిల్లలందర్నీ నిలబెట్టి, తీసినవాళ్ళు ఒప్పుకునేదాకా పాఠం మొదలుపెట్టని టీచర్ని నేను. రాజమండ్రిలో గోదావరి గట్టుకి దగ్గర్లో ఉన్న హైస్కూల్లో ఇరవై రెండేళ్ళుగా జీవశాస్త్రం చెబుతున్నాను. కోపం నా ముక్కు మీదే ఉంటుందని పిల్లలకే కాదు, వాళ్ళ అమ్మానాన్నలకీ తెలుసు. అయినా పడవలవాళ్ళ పేటలోకి వెళ్తే లేచి నిలబడి నమస్కారం పెడతారు. ఈ గొప్పంతా ముందే ఎందుకు చెబుతున్నానంటే, నేనిప్పుడు చెప్పబోయేది ఒక దొంగతనం గురించి. చేసింది నేనే.

మా హాల్లో మూడడుగుల చేపల తొట్టె ఉంది. అందులో ప్లాస్టిక్ కోట, ప్లాస్టిక్ నాచు ఉండేవి. వాటిని చూస్తే నాకు ఒళ్ళు మండేది. నీళ్ళలో నానిన అసలు కర్ర ఒకటి అడ్డంగా పడి ఉండి, దాని సందుల్లోంచి చేపలు తిరుగుతూ ఉండే తొట్టెల్ని ఫోన్లో చూసి చూసి, నాకూ అలాంటిది కావాలనిపించింది. దుకాణాల్లో అమ్ముతారు. గోదావరి ఒడ్డున పుట్టి కర్ర కొనుక్కోవడమేంటని నా పౌరుషం.

వరద తీసిన వారానికి, ఒకరోజు తెల్లవారుతుండగా మా ఆయనా నేనూ స్కూటర్ మీద గట్టుకి వెళ్ళాం. బురద ఇంకా ఆరలేదు. మెట్లకి కాస్త అవతల, ఒడ్డు మీద పడి ఉందది. మూడున్నర అడుగుల నల్ల తుమ్మ కర్ర, మోచెయ్యి వంచినట్టు మధ్యలో ఒకే ఒక్క వంపు. చూడగానే నా ప్రాణం దాని మీదికి పోయింది. దాని మీద ఒక రాయి ఉంది.

ఆ రాయి అర్థమేంటో నాకు బాగా తెలుసు. నేను పుట్టి పెరిగింది గోదావరి మధ్యనున్న లంకలో. వరదలో కొట్టుకొచ్చిన కర్రని ఎవరైనా ఒడ్డుకి లాగి దాని మీద రాయి పెడితే, ఇక అది వాళ్ళది. ఆరేదాకా నెలరోజులు అక్కడే ఉన్నా ఎవరూ ముట్టుకోరు. పొయ్యిలోకి పుల్ల లేనివాళ్ళు కూడా ముట్టుకోరు. మా తాతయ్య అలా పెట్టిన రాళ్ళ పక్కనుంచే నేను బడికి వెళ్ళేదాన్ని. మా ఆయనది జంగారెడ్డిగూడెం వైపు, మెట్టప్రాంతం. ఆయనకి ఇవేం తెలియవు. "దీని మీద రాయెందుకుంది?" అని అడిగాడు కూడా. పిల్లలెవరో ఆడుకుంటూ పెట్టి ఉంటారన్నాను. అటూ ఇటూ చూసి, రాయిని రెండు చేతులతో ఎత్తి, జాగ్రత్తగా పక్కన పెట్టాను. కర్రని స్కూటర్ ముందు అడ్డంగా పెట్టుకుని వచ్చేశాం.

తొట్టెకి అది అరడుగు పొడవెక్కువైంది. మా వీధి చివర వడ్రంగిని పిలిచాను. అతను కర్రని తిప్పి తిప్పి చూసి, రంపం కింద పెట్టేశాడు. "అమ్మా, ఇది పడవకి పనికొచ్చే వంపండి. కొయ్యమంటారా?" అన్నాడు. అప్పటికీ మించిపోయింది లేదు, తీసుకెళ్ళి మళ్ళీ అక్కడ పడేసి రావచ్చు. కానీ తప్పు చేస్తున్నప్పుడు నాకు కోపం ఇంకా ఎక్కువొస్తుంది. "నీకు చెప్పిన పని చెయ్యవయ్యా" అని కసిరాను. అతను రెండు చివర్లూ కోసి ఇచ్చి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత పనంతా నేనే చేశాను, ఎంతో శ్రద్ధగా. మిగిలిన బెరడు గీకేశాను. మెత్తబడ్డ చోట్ల మేకుతో పొడిచి, పుచ్చు ఉన్నంత మేరా తవ్వేశాను. సబ్బు తగిలితే చేపలు చచ్చిపోతాయి కాబట్టి ఉత్త నీళ్ళతో, బట్టల బ్రష్షుతో రుద్దాను. పెరట్లో కట్టెల పొయ్యి మీద పెద్ద గిన్నె పెట్టి, ఒక పూట ఒక చివర, ఇంకో పూట రెండో చివర మునిగేలా ఉడకబెట్టాను. నీళ్ళు కాఫీ డికాక్షన్‌లా దిగాయి. పారబోసి మళ్ళీ పోశాను. పది రోజులు డ్రమ్ములో నానబెట్టి రోజూ నీళ్ళు మార్చాను. మామూలు కర్ర మునగడానికి నెలలు పడుతుంది, పైన రాళ్ళు కట్టాల్సి వస్తుంది. చేవదేలిన తుమ్మ కదా, ఇది మొదటిరోజే అడుక్కి పోయింది. తొట్టెలో పెట్టాక చేపలు దాని చుట్టూ తిరుగుతుంటే, చూడ్డానికి పక్కింటివాళ్ళని కూడా పిలిచాను. అంత సిగ్గులేకుండా ఉన్నాను.

మా ఇంటికి ప్రతి ఆదివారం చేపలు తెచ్చే ఆవిడ ఉంది. వాళ్ళమ్మాయి నా దగ్గరే పదో తరగతి చదువుతోంది. వరద తర్వాత మొదటిసారి వచ్చిన ఆ ఆదివారం మా గుమ్మంలో కూర్చుని చేప పొలుసు తీస్తూ, తన గోడు చెప్పుకుంది. వాళ్ళాయనకీ వాళ్ళ బావగారికీ కలిపి ఒకటే పడవ. వరదలో అది లంగరు తాడు తెగి మెట్లకి కొట్టుకుని, లోపల పక్కల్ని పట్టి ఉంచే వంపు కర్ర విరిగిపోయింది. అది చెక్కి చేసేది కాదట, పుట్టుకతోనే ఆ వంపు ఉన్న కర్ర దొరకాలట. దేవుడు పంపినట్టు వరదలోనే కొట్టుకొచ్చింది. ఒడ్డుకి లాగి రాయి పెట్టారు. మూడోరోజుకి లేదు.

"రాయిని కిందకి తోసెయ్యలేదండి, తీసి పక్కన పెట్టి మరీ పట్టుకెళ్ళారు. తెలియనోళ్ళయితే తన్నేసి పోతారు. ఇది తెలిసినోళ్ళ పనేనండి" అంది.

నేను హాలు తలుపు మెల్లగా దగ్గరికి లాగాను. తొట్టె ఆ తలుపు వెనకే ఉంది.

ఆవిడ ఇంకా చెబుతూనే ఉంది. ఆ తెల్లవారుజామున వల తీస్తున్న బావగారు నన్ను చూశాడట. టీచరుగారే స్కూటర్ మీద పెట్టుకెళ్ళారని ఇంటికొచ్చి తమ్ముడితో చెప్పాడట. నా కూతురికి చదువు చెప్పే ఆవిడ్ని దొంగంటావా అని వాళ్ళాయన అన్నగారి చొక్కా పట్టుకున్నాడట. అప్పట్నుంచీ అన్నదమ్ములకి మాటల్లేవు. పడవ బోర్లా పడి ఉంది. చెరొకరూ వేరే వాళ్ళ పడవల్లోకి కూలికి పోతున్నారు. "చూడండి మరి, మీ మీద అలాంటి మాట అనొచ్చాండీ?" అని నన్నే అడిగింది. దొంగకి తేలు కుట్టినట్టు కూర్చున్నాను.

ఇచ్చేద్దామంటే అది ఇక పడవకి పనికిరాదు. ఆ వంపుదే ఇంకోటి దొరుకుతుందేమోనని కలప డిపోల చుట్టూ తిరిగాను. దొరకలేదు. బడిలో ఒక పిల్ల తన జామెట్రీ బాక్సు పోయిందని ఏడిస్తే, తరగతిని నిలబెట్టలేక, ఇంట్లో మర్చిపోయి ఉంటావులే అన్నాను. పిల్లలు నా మొహం వంక వింతగా చూశారు. ఇంట్లో మా ఆయన మీద విసుక్కున్నాను, నిజానికి ఆ మనిషికి ఏ పాపం తెలియదు. చెప్పేవి శ్రీరంగ నీతులని నన్ను నేనే తిట్టుకుంటూ ఇరవై రోజులు గడిపాను. కర్ర పోతే పోయింది. కనీసం ఆ అన్నగారు చూసింది నిజమేనని చెబితే అన్నదమ్ములు కలుస్తారు. అది చెప్పగలిగేది నేనొక్కదాన్నే.

ఒక సాయంత్రం బడి నుంచి నేరుగా పేటకి వెళ్ళాను. తమ్ముడు ఒడ్డున వల బాగుచేసుకుంటున్నాడు. నన్ను చూడగానే లేచి, తలపాగా తీసి, దాంతోనే ఒక చెక్క తుడిచి కూర్చోమన్నాడు. కూర్చోలేదు. "ఆ కర్ర సంగతి మీతో ఒక మాట చెప్పాలని వచ్చాను" అన్నాను.

అంతే, ఆయన మొహం పాలిపోయింది. "మీ దాకా వచ్చేసిందాండీ ఆ మాట" అని తల దించుకున్నాడు. నేను కాదు కాదు అంటున్నా వినిపించుకోకుండా, కాస్త దూరంలో కూర్చున్న అన్నగారిని కేకేసి పిలిచాడు. నెల దాటాక పిలిచిన పిలుపది. అరవై దాటిన మనిషి, ఆ పిలుపు విని ఎంత గబగబా వచ్చాడో.

"టీచరుగారు ఇంత దూరం వచ్చారన్నయ్యా. నువ్వన్నదానికి ఓ మాట చెప్పు" అన్నాడు తమ్ముడు.

పెద్దాయన నా కళ్ళలోకి చూశాడు. ఆయన చూసింది నన్నేనని ఆయనకి తెలుసు, నాకూ తెలుసు. నేను చెబుతానేమోనని కాసేపు ఆగాడు. నేను చూపు పక్కకి తిప్పుకున్నాను. అప్పుడాయన తమ్ముడి వైపు తిరిగి, తనకేసే ఆశగా చూస్తున్న ఆ మొహం చూశాడు. చూసి, నాకు రెండు చేతులూ జోడించాడు.

"పొరపడ్డానండి. మసక చీకట్లో సరిగ్గా ఆనలేదు. తప్పయిపోయింది, క్షమించండి."

అప్పుడు కూడా చెప్పొచ్చు. ఒక్క మాట చాలు. తమ్ముడు అప్పటికే అన్నగారి భుజం మీద చెయ్యి వేశాడు.

"పర్వాలేదులెండి" అన్నాను. ఆయన్ని నేను క్షమించాను.