బిస్కెట్ డబ్బా మూత మీది ఇల్లు

వీరరాఘవయ్యది కృష్ణా జిల్లా. ఈ మాట ఆయన మాకు ఎన్నిసార్లు చెప్పాడో! మేం విన్నామా? వినలేదు. బోధన్ చుట్టుపక్కల కాలవ కింద భూములు కొనుక్కుని కోస్తా నుంచి వచ్చినవాళ్లు ఎవరైనా సరే, మా నోట్లో గుంటూరోళ్లే. పాపం ఆయన గుంటూరు ఊరు కళ్లతో చూసిందే లేదట. "ఏం గుంటూరన్నా, చాయ్ కావాల్నా?" అంటే మొదట్లో చిటపటలాడేవాడు. పోను పోను "ఆ, పొయ్యవయ్యా" అనడం నేర్చుకున్నాడు. నేను కూడా పోను పోను రాఘవన్నా అని పిలవడం నేర్చుకున్నాను.

నా పేరు రామ్‌దాస్. చక్కెర ఫ్యాక్టరీ ముందు, చెరకు యార్డును ఆనుకుని నా చాయ్ హోటల్. గానుగ సీజన్ మొదలైతే బండ్ల లైను నా హోటల్ ముందు నుంచే సాగేది. చెరకు తెచ్చిన రైతు కాటా దాకా చేరాలంటే ఒక పూట పట్టొచ్చు, రెండు రోజులూ పట్టొచ్చు. లైను వదిలి పోయాడా, వంతు పోయినట్టే. అందుకని ఎడ్లను విప్పి మేత వేసి ఎవరి కాలక్షేపం వాళ్లు చూసుకునేవాళ్లు. కొందరు పేకాడేవాళ్లు, కొందరు పోట్లాడేవాళ్లు, నా చాయ్ నీళ్లలా ఉందని నన్ను తిట్టేవాళ్లు సరేసరి. వీరరాఘవయ్య మాత్రం బండి నీడన కూర్చుని బొమ్మరిల్లు కట్టేవాడు. నలభైకి దగ్గరపడ్డ మనిషి, మెలితిప్పిన మీసాల మనిషి, గుక్కెడు చాయ్ కూడా చల్లారబెట్టుకుని మరీ కట్టేవాడు.

ఆయన తండ్రితో కలిసి ఇటు వచ్చింది రాష్ట్రాలు కలిసిన 1956లో. అక్కడున్న కాస్త భూమీ అమ్మేసి, ఇక్కడ తుమ్మలు కొట్టి, రాళ్లు ఏరి, చెరకు వేశారు. అట్లా వచ్చినవాళ్లంతా ఒకచోట ఇళ్లు వేసుకున్న ఊరిని మేం క్యాంపు అంటాం. తండ్రి ఆ పొలంలోనే కన్ను మూశాడు. తర్వాత రాఘవన్నకు వాళ్ల వైపు అమ్మాయి సీతమ్మతో పెళ్లయింది, నాగకుమారి పుట్టింది. పక్క పొలం మా పోశన్నది. ఆయన ఇక్కడి మనిషే, చెరకూ పసుపూ పండిస్తాడు. ఆ ఇద్దరి బండ్లూ ఎప్పుడూ ఒకదాని వెనక ఒకటే లైనులో నిలబడేవి.

నాగకుమారి అయిదేళ్ల పిల్లగా ఉన్నప్పుడు బండి మీద చెరకు గడల పైన కూర్చుని వచ్చేది. దిగగానే నా హోటల్‌లోకి పరుగు. ఒకసారి ఖాళీ అయిన బిస్కెట్ డబ్బా మూత దాని చేతికిచ్చాను. ఆ మూత మీద దొరల దేశపు ఇల్లొకటి ఉండేది. గడ్డి కప్పు ఏటవాలుగా దాదాపు నేలదాకా దిగి ఉంటుంది. గుండ్రటి తలుపు, కిటికీ కింద పూల వరస, కప్పు మీద పొగగొట్టం. కథల్లో దారి తప్పిన రాకుమారి వెళ్లి తలుపు తట్టే ఇల్లు ఎలా ఉంటుందో అలాగన్నమాట. పిల్ల ఆ మూతను ఒళ్లో పెట్టుకుని బిస్కెట్లు తినడం కూడా మరిచిపోయేది.

1969 వచ్చింది. ఊరూరా జై తెలంగాణ. అబద్ధమెందుకు, నేనూ కొట్టాను జై. మా పిల్లల నౌకరీల బాధ మాది, అందులో న్యాయం లేదంటే ఇప్పటికీ ఊరుకోను. కానీ రాత్రికి రాత్రి లేచిన పుకార్లు ఉన్నాయే, వాటికి న్యాయం అన్యాయం తెలియదు. ఫలానా క్యాంపు మీద పడ్డారట, ఫలానా చోట గడ్డివాము తగలబెట్టారట అని రోజుకో మాట. రాఘవన్న ఇంటి మీద ఒక్క రాయి పడలేదు. పోశన్న రోజూ రాత్రి ఆ ఇంటి గుమ్మంలోనే మంచం వేసుకుని పడుకున్నాడు మరి. అయినా సీతమ్మ గుండె నిలవలేదు. పిల్లను తీసుకుని పుట్టింటికి బయల్దేరింది.

బస్సెక్కబోతూ నాగకుమారి ఆ మూత తండ్రి చేతికిచ్చి, "నేనొచ్చేసరికి ఈ ఇల్లు కట్టేయ్ నాన్నా" అంది. పిల్ల మాట. మరొకడైతే బస్సు మలుపు తిరగ్గానే మరిచిపోయేవాడు.

ఆ యేడు సీజన్‌లో రాఘవన్న చెరకు గడలు పేళ్లుగా చీల్చి గోడలు అల్లడం మొదలుపెట్టాడు. చెరకు రైతుకు చేతికందేది చెరకే కదా. పోశన్న తన బండి దిగి వచ్చి చుట్టూ తిరిగి చూశాడు.

"ఏందే రాఘవన్నా, గిదేం ఇల్లే? ఇంటి మీద పొగగొట్టమేంది? నాకైతే బెల్లం బట్టీ లెక్క కొడ్తున్నది."

"అది చలిదేశంలో ఇల్లయ్యా. లోపల మంట వేసుకుంటారు."

"ఇంట్ల మంట పెట్టుకుంటరా? ఔలగాళ్లు, పిచ్చోళ్లు!" అన్నాడు పోశన్న. నమ్మలేదు. సాయంత్రానికల్లా ఒక చిన్న గానుగ, దానికి రెండు మట్టి ఎడ్లు చేసి తెచ్చి ఆ ఇంటి పక్కన పెట్టాడు. బెల్లం బట్టీకి గానుగ లేకపోతే ఎట్లా అని ఆయన బాధ. రాఘవన్న కాదనలేక ఉంచేశాడు.

అసలు తప్పు ఉగాదికి గానీ బయటపడలేదు. ఆ గోడల్లో చెరకు తీపి అట్లాగే ఉంది. ఎక్కడెక్కడి చీమలూ వచ్చి ఇంటిని బోలు చేసి వదిలాయి. ఎత్తబోతే చేతిలో పొడి రాలింది. నాకు నవ్వాగలేదు, "ఏమన్నా, ఇల్లు చీమలకు కిరాయికిచ్చినవా?" అన్నాను. ఆయన నవ్వలేదు. "ఈసారి వేసవికి వాళ్లను తీసుకొద్దామనుకున్నానయ్యా" అన్నాడు.

ప్రతి వేసవీ వెళ్లేవాడు, అత్తారింట్లో చుట్టంలా నాలుగు రోజులుండి ఒక్కడే తిరిగొచ్చేవాడు. ఒక యేడు సీతమ్మకు ఇంకా భయం. ఒక యేడు పిల్ల బడి. ఒక యేడు వాళ్లమ్మకు జబ్బు. ఆ పైన అటువైపు జై ఆంధ్ర గొడవ మొదలై రైళ్లే ఆగిపోయాయి, ఆ యేడు పోనే లేదు. "నువ్వే పోయి అక్కడుండరాదే?" అని ఒకసారి విసుగొచ్చి అడిగాను. "అక్కడ నాకేముందయ్యా? మా నాన్న అన్నీ అమ్ముకుని ఈ మట్టిలో పోశాడు. ఆయన పోయింది కూడా ఇక్కడే" అన్నాడు. నిజమే. కానీ ఇక్కడ ఒంటరిగా వండుకు తింటున్నాడే మనిషి!

రెండో ఇల్లు జొన్న దంట్లతో కట్టాడు. మా పిల్లలు ఆ దంట్ల లోపలి బెండుతో బండ్లు చేసి ఆడుకుంటారు, మేకుల బదులు తుమ్మముళ్లు గుచ్చుతారు. పోశన్నే నేర్పించాడు, తన గానుగనూ తెచ్చి మళ్లీ పక్కన పెట్టాడు. గోడలకు ఎర్రమట్టి పూసి సున్నం వేశాడు. కిటికీలకు చాక్లెట్ల మీది రంగు కాగితం. పూలు కావాలంటే మా ఆవిడ పాత రవికె అంచు కత్తిరించి ఇచ్చింది. ఇక కప్పు! ఎండిన చెరకాకును నీళ్లలో నానబెట్టి, దువ్వెనతో దువ్వి, వెంట్రుకల్లాంటి పోగులు తీసి, కట్టలు కట్టి, కింది నుంచి పైకి ఒక్కో వరసా కప్పుకుంటూ వచ్చాడు. అదొక్కటే రెండు సీజన్లు పట్టింది. లైనులో ఉన్న రైతులంతా దగ్గరకొచ్చి చూసేవాళ్లు. నవ్వేవాళ్లు కూడా చూసి పోయేవాళ్లు. బండి కదిలినప్పుడు దాన్ని గోనెసంచి ఉయ్యాలలో పెట్టి ఇరుసు కింద వేలాడగట్టేవాడు. పగలంతా దానికేసి చూస్తూ మాట్లాడేవాడు. "మా అమ్మడు ఈ తలుపు చూసి ఏమంటుందో!" అని ఒకటే ధ్యాస. ఇల్లు సంగతి మాత్రం అక్కడ ఎవరికీ చెప్పొద్దని మాకు ఒట్టు.

1974 మొదట్లో, చలి ఇంకా పోలేదు, వాళ్లు వచ్చారు. సీతమ్మ, నాగకుమారి, తోడుగా సీతమ్మ అన్న వెంకట్రావు. క్యాంపుకు పోతే రాఘవన్న లైనులో ఉన్నాడని చెప్పారట, నేరుగా యార్డుకే వచ్చేశారు. నేను చాయ్ వడబోస్తున్నవాణ్ని గిన్నె అట్లాగే వదిలేసి బయటికి ఉరికాను. రాఘవన్న బండి నీడలోంచి లేచి ఎదురొచ్చాడు. పిల్ల ఎంత పొడుగైంది! పరికిణీ, రెండు జడలు.

"ఇదిగోనమ్మా, నీ ఇల్లు" అంటూ గోనె ఉయ్యాల విప్పి దాన్ని తీసి మట్టిలో పెట్టాడు.

నాగకుమారి విచిత్రంగా చూసింది. "నాదా? నేనెప్పుడు అడిగాను నాన్నా?"

మూత సంగతి దానికి గుర్తే లేదు. రాఘవన్న మొహం ఒక్క క్షణం పాలిపోయింది, వెంటనే సర్దుకున్నాడు. పిల్లకు గుర్తు లేకపోయినా సంబరం మాత్రం ఆగలేదు. పరికిణీ మట్టవుతున్నా లెక్కచేయక బోర్లా పడుకుని కిటికీలోంచి చూసింది. పోశన్న పక్కన నిలబడి, "సూడు బిడ్డా, అయిదేండ్ల సంది కడ్తున్నడు మీ బాపు. గా గానుగ నేను జేసిన" అని ఊదరగొడుతున్నాడు. సీతమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వుతోంది.

"అమ్మా, లోపల మంచాలున్నాయే! దుప్పట్లు కూడా ఉన్నాయి. పెద్దది నీది, చిన్నది నాది." పిల్ల తల అటూ ఇటూ తిప్పి వెతికింది. "నాన్నా, నీ మంచమేదీ?"

"నాకెందుకమ్మా? మీరిద్దరూ లోపలుంటే చాలదూ? నేను ఇదిగో, ఇట్లా కిటికీలోంచి చూస్తుంటాను."

సీతమ్మ నవ్వు ఆగిపోయింది.

"అయిదేళ్లు కూర్చుని కట్టారు. పూలు మరిచిపోలేదు, పొగగొట్టం మరిచిపోలేదు. మీరు లేని ఇల్లు కట్టి మమ్మల్ని రమ్మంటారేమండీ?" అంది. అని, అంతమంది రైతుల మధ్య, ఎడ్ల మధ్య, భోరుమని ఏడ్చింది. "నేను అబద్ధం చెప్పను. ఇక్కడ ఇప్పటికీ నాకు కంటికి కునుకు పట్టదు. ఎవరూ ఏమీ చెయ్యలేదు, తెలుసు. అయినా పట్టదు. మీకు ఈ నేల కావాలి, నాకు మీరు కావాలి. ఏం చెయ్యమంటారు?"

వెంకట్రావు ఏదో సర్దిచెప్పబోయాడు. "నువ్వుండు అన్నయ్యా" అని కసిరింది.

రాఘవన్న బండిలోంచి జొన్న దంటు తీసి, అక్కడే కూర్చుని బెండు కోయడం మొదలుపెట్టాడు. ముందు బండ్లు కదిలాయి. పోశన్న తన బండీ, ఆయన బండీ రెండూ ముందుకు తోలి వచ్చాడు. అప్పటికి మంచం తయారైంది. తలుపులోంచి పెట్టబోతే పట్టలేదు. కిటికీలోంచీ పట్టలేదు.

"కప్పు ఇప్పకుంటే పోదే అన్నా," అన్నాడు పోశన్న మెల్లగా. "మంచం చిన్నగ జెయ్యి, పాయె."

"చిన్నది చేస్తే నేనెట్లా పడతానయ్యా?"

రెండు సీజన్ల కప్పు. నేను చూడలేక మొహం తిప్పుకున్నాను. ఆయన తుమ్మముళ్లు ఒక్కొక్కటే ఊడబీకాడు. ఆకు కట్టలు మట్టిలో కుప్పపడ్డాయి. మూడో మంచం ఆ రెండింటి మధ్య పెట్టి, చేతులు దులుపుకుని లేచాడు.

"పోశన్నా, కోతలయ్యాక నా చెరకు తోట నువ్వు చూసుకుంటావా?"

"గట్లనకే అన్నా. నీ బాపు మట్టి అది."

"అందుకే నీకిస్తున్నా" అన్నాడు రాఘవన్న.

ఆ యేడు కోతలు అయ్యేదాకా సీతమ్మ, పిల్ల క్యాంపులోనే ఉన్నారు. ఆవిడ ఎట్లా నిద్రపోయిందో నాకు తెలియదు. ఎండలు ముదరకముందే ప్రయాణం పెట్టుకున్నారు. బస్సులో రాఘవన్న కిటికీ పక్కన కూర్చున్నాడు, ఒళ్లో ఆ బోడి ఇల్లు. పోశన్న బస్సు చక్రం దగ్గర నిలబడి చక్రాన్నే చూస్తున్నాడు. నేనా, అట్లా ఊరుకుంటే ఏడ్చేట్టున్నాను. అందుకే గట్టిగా అరిచాను.

"రాఘవన్నా! కప్పుకు చెరకాకు పంపియ్యాల్నా? మీ దిక్కు దొర్కదా ఏంది?"

ఆయన నన్ను కాదు, నా వెనక యార్డును చూశాడు. సీజన్ అయిపోయింది, బండ్లు లేవు, ఎండుటాకు మాత్రం నేలంతా పరుచుకుని ఉంది.

"దొరుకుతుంది రామ్‌దాసూ," అన్నాడు. "నువ్వు ఇక్కడిదే పంపు."